అరకు ఘాట్ రోడ్డు: మీ బండికి ఎన్ని మార్కులు?

నవంబరు మొదలైతే చాలు, మద్దిలపాలెం చుట్టుపక్కల హాస్టళ్లలో, పీజీల్లో, ఆఫీసు వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న తిరుగుతుంటుంది. "బ్రో, అరకు రోడ్డు ఎలా ఉంది?"

జవాబులు కూడా రెండే రకాలు. "అద్దంలా ఉంది, వెళ్లిపోండి" అని ఒకడు. "మొత్తం గోతులే, నడుం విరిగింది" అని ఇంకొకడు. ఇద్దరూ అదే వారం వెళ్లొచ్చినవాళ్లే!

ఇద్దరూ నిజమే చెప్పి ఉండొచ్చు. కానీ మనకు ఒక్క ముక్క కూడా పనికిరాదు. ఎందుకంటే అడిగిందే సగం ప్రశ్న. ఏ బండి మీద? ఎంతమంది? ఏ నెలలో? ఎన్ని గంటలకి? ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా? ఇవి లేకుండా "రోడ్డు బాగుంది" అనడం, మా సాఫ్ట్‌వేర్ వాళ్లు "నా సిస్టమ్‌లో బానే పనిచేస్తోందే" అన్నట్టు ఉంటుంది. నీ సిస్టమ్‌లో పనిచేస్తే కస్టమర్‌కి ఏం లాభం నాయనా?

అందుకే ఈ వారం ఆ ప్రశ్నని ముక్కలు చేసి చూద్దాం. స్కూటీకి ఎన్ని మార్కులు, కారుకి ఎన్ని, బస్సుకి ఎన్ని అని విడివిడిగా వేద్దాం. మార్కులు నావి, లెక్కలు ఫిజిక్స్‌వి. మార్కుల మీద గొడవ పడండి, పర్లేదు. లెక్కల మీద మాత్రం పడలేరు.

ముందు రోడ్డు సంగతి

మద్దిలపాలెం నుంచి ఎన్ఏడీ, గోపాలపట్నం, పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట. అక్కడి దాకా మామూలు మైదానం రోడ్డే. ఎస్.కోట దాటాక కొండ మొదలవుతుంది. టైడా, అనంతగిరి, గాలికొండ, సుంకరమెట్ట మీదుగా అరకు. విశాఖ నుంచి మొత్తం కలిపి దాదాపు 115 కిలోమీటర్లు. దూరం చూసి "రెండు గంటల్లో కొట్టేద్దాం" అనుకుంటారు. ఈ 115లో మిమ్మల్ని పరీక్షించేది మధ్యలోని ఘాట్ ముక్కే.

అరకు లోయ సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. రోడ్డు దానికంటే పైకెక్కి, గాలికొండ దగ్గర శిఖరం చూపించి, అప్పుడు లోయలోకి దించుతుంది. పక్కనే వెళ్లే కొత్తవలస-కిరండూల్ రైలు మార్గంలో సిమిలిగూడ స్టేషనే 996 మీటర్ల ఎత్తులో ఉంటుంది. లెక్క సులువుగా ఉండాలని, ఘాట్ అడుగు నుంచి పైదాకా వెయ్యి మీటర్లు అనుకుందాం.

కొండ రోడ్లు ఎలా వేయాలో మన దేశంలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాలు రాసింది. కొండ ప్రాంతంలో మామూలుగా వాలు 5 శాతం ఉండాలి. అంటే 100 మీటర్లు ముందుకెళ్తే 5 మీటర్లు పైకి ఎక్కాలి. ఆ లెక్కన వెయ్యి మీటర్లు ఎక్కాలంటే కనీసం 20 కిలోమీటర్ల రోడ్డు కావాలి. కొండకి నిచ్చెన వేసినట్టు నిటారుగా వేయలేరు కాబట్టే రోడ్డు జెర్రిపోతులా మెలికలు తిరుగుతుంది. ఆ మెలికలు మీ రీల్స్ కోసం వేసినవి కావు.

వెనక్కి మడిచినట్టుండే హెయిర్‌పిన్ మలుపులకి కూడా లెక్కుంది. లోపలి అంచు వ్యాసార్ధం కనీసం 14 మీటర్లు. డిజైన్ వేగం గంటకి 20 కిలోమీటర్లు. ఈ రెండో అంకె గుర్తుపెట్టుకోండి. ఇంజినీరు ఆ మలుపు గీసేటప్పుడే "ఇక్కడ 20లో వస్తారు" అనుకుని గీశాడు.

20కి, 40కి తేడా రెండింతలు కాదు

14 మీటర్ల వ్యాసార్ధంలో బండి తిప్పుతున్నాం అనుకోండి. 20 వేగంలో వెళ్తే బండిని మలుపులో నిలబెట్టడానికి టైర్లు పెట్టాల్సిన పక్క బలం, బండి బరువులో 22 శాతం ఉంటుంది. ఏ టైరైనా ఇది మోస్తుంది. 30లో వెళ్తే అది 50 శాతం. 40లో వెళ్తే 90 శాతం!

మంచి టైరు, పొడి తారురోడ్డు మీద 70, 80 శాతం దాకా పట్టు ఇస్తుంది. వాన పడితే అది 40, 50కి పడిపోతుంది. మట్టి, ఆకులు, కంకర ఉంటే ఇంకా తక్కువ. మలుపులో రోడ్డుని లోపలికి వంచి వేస్తారు కాబట్టి కొంచెం కలిసొస్తుంది గానీ, అంతా అదే చూసుకోదు.

అంటే ఏంటి? 20లో వెళ్తే వానలో కూడా బతికిపోతాం. 30లో వెళ్తే పొడి రోడ్డు మీద సరే, వానలో దేవుడి మీద భారం. 40లో వెళ్తే పొడి రోడ్డు మీద కూడా టైరు చేతులెత్తేస్తుంది. వేగం రెట్టింపైతే కావాల్సిన పట్టు నాలుగు రెట్లవుతుంది. "నేను బాగా తోలతాను" అనే మాట ఈ సూత్రంలో ఎక్కడా లేదు.

ఇంకో లెక్క. మంచులో 20 మీటర్ల కంటే ముందు ఏమీ కనిపించడం లేదనుకోండి. డిసెంబరు తెల్లవారుజామున అనంతగిరి దగ్గర ఇది మామూలే. దిగుడులో 20 వేగంతో వస్తూ ఏదో చూసి బ్రేకు వేస్తే, తేరుకోవడానికి ఒక సెకను పట్టినా, తడి రోడ్డు మీద సుమారు 9 మీటర్లలో ఆగిపోతారు. 40లో అయితే 25 మీటర్లు కావాలి. కనిపించేదే 20. మిగతా 5 మీటర్లు ఎవరిని గుద్దుతారో మీకే తెలీదు. పైగా ఎదురుగా వచ్చేవాడు కూడా ఆగాలి కదా! కాబట్టి మీకు కనిపించే దూరంలో సగంలో ఆగగలిగే వేగమే మీ వేగం.

దిగడమే అసలు పరీక్ష

ఎక్కేటప్పుడు ఇంజిన్ మూలుగుతుంది, ఏసీ చల్లదనం తగ్గుతుంది, ఫస్ట్ గేరులో ఏడుస్తూ ఎక్కుతుంది. అందరం భయపడేది ఇక్కడే. కానీ ఎక్కుడులో బండి మొరాయిస్తే ఆగిపోతుంది, అంతే. దిగుడులో మొరాయిస్తే ఆగదు.

వెయ్యి మీటర్ల ఎత్తులో ఉన్న బండిని కిందికి తేవాలంటే, ఆ ఎత్తులో దాచుకున్న శక్తినంతా ఎక్కడో ఒకచోట ఖర్చు చేయాలి. నలుగురు కూర్చున్న చిన్న కారు 1400 కిలోలు ఉంటుంది. దాని శక్తి లెక్క కడితే 3.8 యూనిట్ల కరెంటుతో సమానం. ఇంకా తేలిగ్గా చెప్పాలంటే, 44 లీటర్ల నీళ్లని మామూలు వేడి నుంచి మరిగేదాకా కాచే వేడి. అందులో కొంత గాలి తింటుంది, కొంత టైర్లు తింటాయి. మిగిలింది ఇంజిన్‌కి పంపకపోతే మొత్తం బ్రేకుల నెత్తినే.

ఇద్దరు కూర్చున్న స్కూటీకి ఇదే లెక్క ఏడున్నర లీటర్లు. 15 టన్నుల బస్సుకి? దాదాపు 470 లీటర్లు. రెండు పెద్ద డ్రమ్ముల నీళ్లు మరిగించే వేడిని బ్రేకులు ఒక్కటే మింగాలంటే అయ్యే పనేనా?

బ్రేకులు కాగితే ప్యాడ్ల పట్టు తగ్గుతుంది. ఇంకా కాగితే బ్రేక్ ఆయిల్ మరుగుతుంది. కార్లలో పోసే డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు, డాట్ 4 అయితే 230 దాకా. కానీ ఈ ఆయిల్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది. తేమ పట్టాక అదే డాట్ 3 ఆయిల్ 140 దగ్గరే మరగొచ్చు, డాట్ 4 అయితే 155 దగ్గర. మరిగితే పైపులో బుడగలొస్తాయి. పెడల్ తొక్కితే స్పాంజి తొక్కినట్టు లోపలికి పోతుంది. బండి మాత్రం ఆగదు. "బ్రేకులు ఫెయిలయ్యాయి" అని మనం పేపర్లో చదివేదాంట్లో చాలాసార్లు జరిగేది ఇదే. బ్రేకు విరిగిపోలేదు, ఉడికిపోయింది.

మందు పాతదే. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. సెకండ్ గేరులో ఇంజినే బండిని వెనక్కి పట్టుకుంటుంది. న్యూట్రల్‌లో పెట్టి పెట్రోల్ మిగిల్చే తెలివితేటలు ఘాట్‌లో వద్దు. ఇప్పటి కార్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజిన్ ఎలాగూ పెట్రోల్ తాగడం ఆపేస్తుంది. ఆ పొదుపు అసలు పొదుపే కాదు.

ఇక మార్కులు

*గేర్లు లేని స్కూటీ: ఒక్కరే అయితే 10కి 6, ఇద్దరైతే 4*

కోప్పడకండి. స్కూటీ ఎక్కలేదని కాదు, ఎక్కుతుంది. దిగేటప్పుడే తంటా. వేగం బాగా తగ్గాక స్కూటీలో క్లచ్ దానంతటదే విడిపోతుంది. అప్పుడు ఇంజిన్ పట్టు సున్నా, మొత్తం బ్రేకుల మీదే. 125 సీసీ లోపు బండ్లలో చాలావాటికి ఏబీఎస్ ఉండదు, రెండు బ్రేకులూ కలిసి పడే సీబీఎస్ ఉంటుంది. చిన్న చక్రాలు, చిన్న గొయ్యి కూడా పెద్దగానే తగులుతుంది. తప్పదనుకుంటే ఇద్దరు రెండు బండ్ల మీద వెళ్లండి, దిగేటప్పుడు ప్రతి అయిదారు కిలోమీటర్లకి ఆగి బ్రేకులు చల్లారనివ్వండి. చల్లారడానికి నీళ్లు మాత్రం పోయకండి, కాలిన ఇనుము వంకరపోతుంది.

*గేర్ల బైకు: 10కి 7*

ఇంజిన్ బ్రేకింగ్ ఉంది, పెద్ద చక్రాలు ఉన్నాయి. 2019 ఏప్రిల్ నుంచి అమ్మిన 125 సీసీ పైబడిన బైకులకి ఏబీఎస్ తప్పనిసరి. మార్కులు పోయేది రెండు చోట్ల. ఒకటి, మలుపులో బండి వంచినప్పుడు టైరు కింద నాలుగు గులకరాళ్లు చాలు. రెండు, కుడివైపు మలుపులో బండితోపాటు మన తల కూడా రోడ్డు మధ్య గీత దాటి అవతలికి వాలుతుంది. చక్రాలు మన వైపే ఉన్నాయనుకుంటాం, ఎదురొచ్చే బస్సు అద్దం మన తల వైపు చూస్తుంటుంది. వెనక కూర్చున్నవాళ్లకీ హెల్మెట్. "అరకులో పోలీసులు పట్టుకోరు" అనేవాడితో ట్రిప్పు వద్దు.

*చిన్న కారు: 10కి 8, అయిదుగురూ లగేజీ ఉంటే 6*

ఈ రోడ్డుకి సరిపోయే బండి ఇదే అని నా ఓటు. పొట్టిగా ఉంటుంది, మలుపు తేలిగ్గా తిరుగుతుంది, బరువు తక్కువ. మాన్యువల్ అయితే సెకండ్ గేరు. ఏఎంటీ అయితే మాన్యువల్ మోడ్‌లోకి మార్చండి, లేకపోతే దిగుడులో అది సొంత తెలివితో పై గేరు వేసేస్తుంది. సీవీటీ అయితే ఎల్ గానీ ఎస్ గానీ ఉంటుంది, మాన్యువల్ పుస్తకం తీసి చూడండి. ఎక్కుడులో ఆగాల్సి వస్తే సగం క్లచ్ మీద బండిని నిలబెట్టకండి. హ్యాండ్‌బ్రేక్ వేసి, లేచేటప్పుడు వదలండి. కాలిన క్లచ్ వాసన కాఫీ తోటల వాసన అనుకునేరు!

*ఎస్‌యూవీ: 10కి 7*

గోతులకి రాజే. కానీ బరువెక్కువ, ఎత్తెక్కువ, వెడల్పెక్కువ. అన్నిటికంటే డ్రైవర్‌కి ధైర్యం ఎక్కువ. అదే ఒక మార్కు కోసేసింది. స్టెబిలిటీ కంట్రోల్, హిల్ హోల్డ్ ఉంటే మంచిదే. అవి మీ పొరపాటుని కొంచెం దిద్దుతాయి, భౌతిక శాస్త్రాన్ని దిద్దవు.

*ఎలక్ట్రిక్ కారు: 10కి 8*

ఎక్కేటప్పుడు మామూలు ఖర్చు కాకుండా ఆ 3.8 యూనిట్లు అదనంగా లాగుతుంది. మైదానం రేంజి చూసి లెక్కేస్తే పైకి వెళ్లాక గుండె దడ. దిగేటప్పుడు మాత్రం మోటారే బ్రేకులా పనిచేసి అందులో కొంత తిరిగి బ్యాటరీలోకి వస్తుంది, బ్రేకులు చల్లగా ఉంటాయి. ఒక్క చిట్కా: పైన 100 శాతం ఛార్జి పెట్టుకుని దిగకండి. నిండిన బ్యాటరీలోకి కరెంటు ఎక్కదు, ఆ బ్రేకింగ్ పనిచేయదు. 80, 85 దగ్గర ఆపేయండి. పైన ఛార్జింగ్ ఎక్కడ దొరుకుతుందో విశాఖలోనే చూసుకుని బయల్దేరండి.

*టెంపో ట్రావెలర్: డ్రైవర్‌ని బట్టి 3 నుంచి 7*

ఇందులో మీరు తోలరు, కాబట్టి మీ పరీక్ష రోడ్డుకి కాదు, డ్రైవర్‌కి. మూడు ప్రశ్నలు అడగండి. ఈ ఘాట్ ఎన్నిసార్లు ఎక్కారు? రాత్రి పడుకున్నారా? ఈ బండి బ్రేకులు ఎప్పుడు చూపించారు? అడగడానికి మొహమాటపడతాం, "ఏమనుకుంటాడో" అని. పన్నెండుమంది ప్రాణాల ముందు ఆ మొహమాటం ఎంత?

*పెద్ద బస్సు: ఆర్టీసీ రోజువారీ సర్వీసుకి 8, కొత్తగా వచ్చిన టూరిస్టు బస్సుకి 3*

బస్సు అదే సైజు, మార్కులెందుకు తేడా? పొడవాటి బస్సు మలుపు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. అందుకే బస్సు డ్రైవర్ అవతలి వైపు దాకా వెళ్లి తిప్పాలి, రోడ్డు మొత్తం వాడుకోవాలి. ఏ మలుపులో ఎక్కడిదాకా వెళ్లాలో రోజూ తిరిగేవాడికి చేతుల్లో ఉంటుంది. హైవే మీద వెయ్యి కిలోమీటర్లు తోలి వచ్చిన డ్రైవర్‌కి అది ఇక్కడ పనికిరాని అనుభవం. ఎగ్జాస్ట్ బ్రేక్ వేసి, కింది గేరులో దింపాలి. ఎయిర్ బ్రేకులు మాటిమాటికీ తొక్కితే ట్యాంకులో గాలి అయిపోతుంది.

2021 ఫిబ్రవరి 12 సాయంత్రం హైదరాబాద్ నుంచి వచ్చిన పర్యాటకుల బస్సు ఈ ఘాట్‌లోనే డముకు దగ్గర లోయలో పడింది. నలుగురు చనిపోయారు. అందులో పసిబిడ్డ కూడా ఉంది. 2023 ఆగస్టు 20న చోడవరం నుంచి పాడేరు వెళ్తున్న ఆర్టీసీ బస్సు పాడేరు ఘాట్‌లో లోయలోకి జారింది, ఇద్దరు పోయారు. రెండో ఉదాహరణ ఎందుకు చెప్పానంటే, నేను 8 వేసిన బస్సు కూడా పడుతుంది. మార్కులు భరోసా కాదు, జాగ్రత్త ఎక్కడ పెట్టాలో చెప్పే గుర్తు మాత్రమే.

నెల, గంట, గాలి

జూన్ నుంచి అక్టోబరు దాకా వానలు. కొండ పక్క నుంచి మట్టి, రాళ్లు జారతాయి. పొద్దున వెళ్లిన రోడ్డు సాయంత్రానికి ఉండకపోవచ్చు. ఈ రోడ్డు ఇప్పుడు 516ఈ జాతీయ రహదారిలో భాగం. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, కొయ్యూరు, చింతపల్లి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం వైపు వచ్చే దారి ఇది. విస్తరణ పనులు కొన్నేళ్లుగా ముక్కలు ముక్కలుగా సాగుతున్నాయి. అంటే అద్దంలాంటి రోడ్డు మీద వెళ్తూ వెళ్తూ హఠాత్తుగా కంకర మీదకి దిగుతారు. మొదట్లో చెప్పిన ఇద్దరు స్నేహితులూ నిజమే ఎలా చెప్పారో అర్థమైంది కదా?

ఇక్కడే నాకు భయం. గోతుల రోడ్డు మీద ఎవడైనా నెమ్మదిగానే వెళ్తాడు. రోడ్డు బాగుపడిన కొత్తలో వేగం పెరుగుతుంది, మలుపు మాత్రం మలుపుగానే ఉంటుంది. నున్నటి తారు చూసి 20 మలుపులోకి 40లో దూరే వాళ్లు పెరుగుతారు. రోడ్డుతోపాటు రక్షణ గోడలు, మలుపుల్లో అద్దాలు, రాత్రి మెరిసే గుర్తులు కూడా రావాలి. తారు ముందొచ్చి అవి తర్వాత వస్తే, మధ్యలో ఉండే కాలమే ప్రమాదం.

నవంబరు నుంచి జనవరి దాకా మంచు. మంచులో హైబీమ్ వేస్తే తెల్లగోడ తప్ప ఏమీ కనిపించదు. లోబీమ్ వేయండి. కదులుతూ నాలుగు ఇండికేటర్లూ వేసుకుని వెళ్లడం మానండి. మీరు ఆగారో, తిరుగుతున్నారో వెనకవాడికి తెలీదు.

ఇక గంట సంగతి. వంజంగిలో మేఘాల మీద సూర్యోదయం చూడాలని అర్ధరాత్రి ఆఫీసు ముగించి, ఒంటిగంటకి బయల్దేరి, నిద్ర లేకుండా పాడేరు ఘాట్ ఎక్కే బ్యాచులు మన దగ్గర బోలెడు. రోడ్డుకి చీకటి, బండికి మంచు, మనిషికి నిద్ర. మూడూ ఒకేసారి. ఒక్క సర్వర్ డౌన్ అయితే తట్టుకునేలా సిస్టమ్ కడతాం, మూడూ ఒకేసారి పడితే ఏ సిస్టమూ నిలబడదు. ముందురోజు సాయంత్రం వెలుగుండగానే పాడేరు చేరి పడుకుంటే సూర్యుడేమీ తక్కువ అందంగా రాడు.

ఆ రోడ్డు ఎవరిది?

మా టీములో ఒకబ్బాయి ఉన్నాడు, అనంతగిరి మండలం వాడు. ట్రిప్పు ప్లాన్ చేస్తూ మేమంతా వ్యూ పాయింట్ల లిస్టు రాస్తుంటే చాలాసేపు ఊరుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "మీకు అది ట్రిప్పు రోడ్డు అన్నా. మాకు అది ఆసుపత్రి రోడ్డు."

వాళ్ల వైపు లోపలి ఊళ్లలో ఇప్పటికీ గర్భిణిని డోలీలో మోసుకొచ్చి రోడ్డెక్కించాలి. అక్కడి నుంచి 108. కేసు పెద్దదైతే ఘాట్ దిగి ఎస్.కోట, ఇంకా పెద్దదైతే విశాఖ కేజీహెచ్. ఆదివారం సాయంత్రం ఆ అంబులెన్సుకి ఎదురయ్యేది ఎవరు? మలుపులో సగం రోడ్డు మీద కారు ఆపి ఫొటో దిగుతున్న మనం. సంతకి వెళ్లే జీపు, బడికి నడిచే పిల్లలు, కాఫీ మూటలు తెచ్చే బండి, అందరూ ఆ రోడ్డు మీదే. "మీరు పది నిమిషాలు ఆపితే మాకు ఆ పది నిమిషాలు ఎక్కడి నుంచి తేవాలి అన్నా?" అన్నాడు. మా దగ్గర సమాధానం లేదు.

అప్పటి నుంచి ఘాట్ రోడ్డు మంచిదా కాదా అని చూసేటప్పుడు నేను ఇంకో ప్రశ్న కలుపుకుంటాను. నా బండి వెళ్తుందా అని మాత్రమే కాదు, నా బండి ఉండగా వెనకాల అంబులెన్సు వెళ్తుందా అని. ఈ ప్రశ్నకి కూడా మార్కులుండాలి. అవి రోడ్డుకి కాదు, మనకి.

ఇది మంచితనం సంగతి కూడా కాదు, రూలే. రోడ్డు ఇరుకుగా ఉన్నచోట దిగే బండి ఆగి ఎక్కే బండికి దారివ్వాలి. బరువుతో ఎక్కే బండి ఒకసారి ఆగితే మళ్లీ లేవడం కష్టం, అందుకే ఆ రూలు. మనవాళ్లలో చాలామందికి ఇది లైసెన్సు పరీక్ష రోజు తర్వాత గుర్తుండదు.

బయల్దేరే ముందు అయిదు నిమిషాలు

స్క్రీన్‌షాట్ తీసుకోండి.

1. టైర్లు చూడండి. గాడి మధ్యలో చిన్న దిమ్మెలు ఉంటాయి. కారు టైరు అరిగి ఆ దిమ్మెలతో సమానమైతే 1.6 మిల్లీమీటర్లే మిగిలినట్టు. ఆ టైరుతో ఘాట్ వద్దు.

2. బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో సర్వీసు కాగితంలో చూడండి. రెండేళ్లు దాటితే మార్పించండి. ట్రిప్పులో ఒక పూట బిర్యానీ ఖర్చు కంటే ఎక్కువేం కాదు.

3. ఘాట్‌లో సిగ్నల్ పోతుంది. మ్యాపు ఆఫ్‌లైన్‌లో దింపుకోండి. ఎన్ని గంటలకి ఎక్కడుంటారో ఇంట్లో ఒకరికి చెప్పండి.

4. మధ్యాహ్నం మూడింటికల్లా అరకు నుంచి కదలండి. వెలుగుండగానే ఎస్.కోట చేరాలి.

5. గుడ్డి మలుపుకి ముందు హారన్ ఒక్కసారి. మలుపులో ఓవర్‌టేక్ వద్దు. ఫొటోకి వ్యూ పాయింట్ దగ్గరే ఆగండి, తారు మీద కాదు.

6. కొత్తగా కారు నేర్చుకున్నారా? ముందు కైలాసగిరి, తర్వాత సింహాచలం కొండ మీద సెకండ్ గేరులో దిగడం అలవాటు చేసుకోండి. చేయి తిరిగాక అరకు.

అయిదు నిమిషాల్లో ఆరు పనులెలా అంటారా? ఆరోది ఒక నెల ముందు చేయాలి.

ఇవేవీ కుదరవు, బండి పాతది, డ్రైవర్ కొత్త, వానా పడుతోంది అంటారా? పొద్దున్నే విశాఖ స్టేషన్ నుంచి కిరండూల్ రైలుంది, అద్దాల విస్టాడోమ్ పెట్టెలు కూడా నడిపారు. బైలదిల్లా ఇనుప ఖనిజం మన పోర్టుకి దింపడానికి 1960లలో వేసిన లైను అది. మొత్తం దారిలో 58 సొరంగాలు. మీరు మలుపులు చూస్తూ కూర్చోవచ్చు, తోలాల్సిన పని లేదు. లేదంటే కాంప్లెక్స్‌లో అరకు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చోండి. రోజూ తిరిగే డ్రైవర్ చేతులు ఎలా కదులుతున్నాయో గమనించండి. ఘాట్ డ్రైవింగ్‌కి అంతకంటే మంచి యూట్యూబ్ ఛానల్ లేదు, డేటా కూడా ఖర్చవదు.

మీ బండికి నేనేసిన మార్కులు తక్కువనిపిస్తే రాయండి. ఏ బండి, ఎంతమంది, ఏ నెల, ఎన్ని గంటలకి అన్నీ రాయాలి సుమా. "రోడ్డు సూపర్" అని మాత్రం రాయకండి.